నూటికి తొంభై ఏడు మార్కుల ఊరు

కొత్త గన్నేరుపాడులో పున్నమ్మగారి మేడమీది వాటాకి పదిహేడు మెట్లు. పద్దెనిమిదో మెట్టు కట్టే సమయానికి ఇటుకలు అయిపోయాయట. అందుకని చివర్న కాస్త పెద్ద అంగ వెయ్యాలి. పైన రెండు గదులు, ఒక డాబా. కింద నాటిన సన్నజాజి తీగ ఎవరూ పిలవకుండానే డాబా గోడ ఎక్కి కూర్చుంది. వంటగది కిటికీ తెరిస్తే ఏడూ పది పాసింజరు మొత్తం కనిపిస్తుంది. వకుళ ఆ కిటికీ దగ్గర నిలబడి పెట్టెలు లెక్కపెట్టింది.

“తొమ్మిదండీ. ఇంజనుతో పది!” అంది, ఆ రైలును ఎవరో తమ పెళ్లికి చదివించినట్టు.

ఫణీంద్ర రైలును చూడలేదు. రైలును చూస్తున్న భార్యను చూస్తున్నాడు. పెళ్లయి రెండు నెలలైనా వాళ్లిద్దరూ ఒక చోట ఉన్నది పదకొండు రోజులే. మిగిలినదంతా ఆషాఢమూ ఉద్యోగాలూ తినేశాయి. వకుళ మల్లెలదిన్నెలో పుట్టింట్లో ఉంటూ జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఫణీంద్ర నాపరాళ్లపేట సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు, లాడ్జి గదిలో కాపురం. ఈ రెండు ఊళ్లకీ సరిగ్గా మధ్యలో ఉంది కొత్త గన్నేరుపాడు. అటు నలభై నిమిషాలు, ఇటు నలభై నిమిషాలు. శ్రావణమాసం వచ్చి నాలుగు రోజులైంది. ఈ నెలలో కాపురం పెడితే పెట్టినట్టు, లేకపోతే భాద్రపదం శూన్యమాసం, ఇంకో నెల పంపేది లేదని వకుళ తల్లి తేల్చి చెప్పింది.

“వాటా మీకే ఇస్తానమ్మాయ్,” అంది పున్నమ్మ. అరవై అయిదేళ్లుంటాయి, కింది వాటాలో ఒక్కతే ఉంటుంది. “నీకు నా మెట్లు గూడా నచ్చినయి. ఎవురికీ నచ్చవవి. కాకపోతే ఆ కాయితం తెచ్చుకోండి. అది లేందే గ్యాసు బండ ఇవ్వరంట. బ్యాంకాయన గూడా ఈ వాటా అడుగుతున్నాడు, ఎన్నాళ్లని ఆపను?”

ఆ కాగితం సంగతి కొంచెం చెప్పాలి.

ప్రజలు సుఖంగా ఉండాలని ఆ మధ్య ప్రభుత్వానికి కోరిక పుట్టింది. కోరిక పుట్టిన నెలకి సుఖ నివాస శాఖ పుట్టింది. శాఖవారు రాష్ట్రంలోని ప్రతి ఊరికీ నూటికి ఇన్ని అని మార్కులు వేశారు. నీళ్లకిన్ని, రోడ్లకిన్ని, ప్రశాంతతకిన్ని. మార్కులు వేసినంతవరకూ బాగానే ఉంది. వేశాక వాళ్లకి ఒక భయం పట్టుకుంది. ఎక్కువ మార్కుల ఊరివాడు తెలిసో తెలియకో తక్కువ మార్కుల ఊరికి వెళ్లి స్థిరపడితే ఏమవుతుంది? రాష్ట్రం మొత్తం సుఖంలో ఆ మేరకు కోత పడదా? అందుకని అధోగమన నిషేధ నిబంధన తెచ్చారు. ఇకమీదట ఎవరు ఇల్లు మారినా, మారబోయే ఊరు ఉన్న ఊరికంటే మెరుగైనదని శాఖ నుంచి ఊర్ధ్వగమన ధ్రువపత్రం పొందాలి. ఆ పేరు విని మొదట్లో కొందరు ముసలివాళ్లు భయపడ్డారు గానీ, తర్వాత అలవాటు పడిపోయారు.

*

జిల్లా కార్యాలయంలో ఆ పత్రాలు చూసేది సహాయ మదింపు అధికారి పరాంకుశం. ఆయన సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసి మడతపెట్టిన మనిషిలా ఉంటాడు. దరఖాస్తు చదివి కళ్లద్దాలు తీశాడు.

“తమరి ఊరు అరవై రెండు. వారి ఊరు యాభై ఎనిమిది. ఉభయులూ కోరుతున్నది నలభై నాలుగు. ఇది స్పష్టమైన అధోగమనం. శాఖ అనుమతించజాలదు.”

“మాకు ఆ ఊరు నచ్చిందండీ,” అంది వకుళ.

“నచ్చుట అనే శీర్షిక ఫారంలో లేదమ్మా.”

“కిటికీలోంచి రైలు కూడా కనిపిస్తుందండీ. మొత్తం!”

పరాంకుశం కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. “రైలు కనబడుతుందా? కనబడేది వినబడుతుంది కూడా. శబ్ద కాలుష్యం. రెండు మార్కులు తగ్గవలసి ఉండగా ఎవరూ గమనించినట్టు లేదు. వచ్చే ఏటి మదింపులో చూస్తాం. ఇంకా ఏమున్నవి ఆ ఇంట్లో?”

వకుళ గబుక్కున నోరు మూసుకుంది. సన్నజాజి గురించి చెప్పేదే. అదృష్టవశాత్తూ చెప్పలేదు.

“పోనీ నేనే మల్లెలదిన్నె వచ్చేస్తానండీ,” అన్నాడు ఫణీంద్ర. “యాభై ఎనిమిది నుంచి అరవై రెండు. పైకే కదా? రోజూ పూటకి గంటన్నర రైల్లో కూర్చుంటాను. మాకు కలిసుంటే చాలు.”

“తమరొక్కరే వచ్చి విడిగా ఉండేట్టయితే ఇప్పుడే ఇచ్చేస్తాను. కలిసి అన్నారు. అది ఉమ్మడి నివాసం. ఉమ్మడి నివాసాలు సంయుక్త సంచాలకులవారి పరిధి.” పరాంకుశం గొంతు తగ్గించాడు. “వారు మేధావి. ఈ నిబంధన వారి బుర్రలోంచే ఊడిపడింది.”

*

సంయుక్త సంచాలకులు వైకుంఠరావుగారి గదిలో గోడ నిండా రాష్ట్రపటం. దానిమీద ప్రతి ఊరికీ ఒక గుండుసూది. ఆయన, పరాంకుశం వెంటబెట్టుకొచ్చిన ఆ ఇద్దరినీ ఎంతో ఆప్యాయంగా కూర్చోబెట్టాడు. సంచులు ఒళ్లో పెట్టుకున్నవాళ్లను చూసి ఫ్యాను వేగం పెంచమన్నాడు. అలాంటి మనిషి ఏదడిగినా కాదనడని వకుళకి ధైర్యం వచ్చింది.

“కొత్త దంపతులా? శుభం. మొన్న ఆషాఢంలో మా శాఖ ఒక సర్వే చేసింది. రాష్ట్రంలో నూతన దంపతుల నడుమ ఆ నెలలో నమోదైన కలహాలు ఎన్నో చెప్పగలరా?”

చెప్పలేమన్నారు.

“సున్నా! దేశచరిత్రలో ఇట్టి ఫలితం లేదు.”

“ఆషాఢంలో విడివిడిగా ఉంటారు కదండీ,” అంది వకుళ.

“నేనూ అదే అంటున్నాను. విడిగా ఉన్నారు, కలహం లేదు. కావున ప్రస్తుతం తమరి గృహశాంతి నూటికి నూరు. కాపురం పెట్టిన మరుక్షణం అది డెబ్బైకి పడిపోతున్నట్టు గణాంకాలు ఘోషిస్తున్నవి. తమరి సుఖంలో ముప్పై మార్కులు కోసే కార్యానికి ఈ చేత్తో నేనెట్లా సంతకం పెట్టేది? తమరు నా బిడ్డలవంటివారు.”

“సార్, మేం పెళ్లి చేసుకున్నదే…” అన్నాడు ఫణీంద్ర.

“వివాహం మా పరిధిలోకి రాదు నాయనా. చేసుకోండి, ఎన్నైనా చేసుకోండి. కాపురం వస్తుంది.”

“అయితే రాష్ట్రంలో ఇంకెవరూ కాపురాలు చెయ్యకూడదా సార్?”

“అబ్బే, అంత కఠినులం కాము. పాత కాపురాలకు మినహాయింపు ఇచ్చాం. ఒక్క కలహం నమోదైనా అది పాత కాపురం కిందికే వస్తుంది. దాని శాంతి అప్పటికే భంగమైనది, ఇక తగ్గవలసినదేమీ లేదు.”

వకుళ ఫణీంద్ర వంక చూసింది. ఫణీంద్ర గోడమీది గుండుసూదుల వంక చూశాడు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు తిరిగే దాకా వచ్చింది. వైకుంఠరావుగారి మనసు కరిగింది. ఆయన మేధావే గానీ రాయి కాడు.

“ఒక ఉపాయం లేకపోలేదు. ఆ ముప్పై మార్కుల లోటు పూడ్చగలంత గొప్ప ఊరు ఏదైనా ఉంటే అక్కడ తమరు కలిసి ఉండవచ్చు. అరవై రెండుకు ముప్పై కలిపితే తొంభై రెండు. పరాంకుశం, తొంభై రెండు దాటిన ఊరు ఏదైనా ఉన్నదా?”

పరాంకుశం కంప్యూటరు ముందు కూర్చుని వెతికాడు. వెతుకుతూ వెతుకుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“ఒక్కటే ఉన్నది సార్. గన్నేరుపాడు. తొంభై ఏడు. మూడేళ్లుగా రాష్ట్రంలో ప్రథమ స్థానం.”

“గన్నేరుపాడా? కొత్త గన్నేరుపాడుకి దగ్గరా అండీ?” అంది వకుళ.

“మూడు కిలోమీటర్లు.”

“మూడే! ఏవండీ, సైకిలు మీద వెళ్లొచ్చు!”

పరాంకుశం గొంతు సవరించుకుని చదివాడు. “నీటి లభ్యత, ఇరవై నాలుగు గంటలు. రోడ్డు ప్రమాదాలు, లేవు. దొంగతనములు, లేవు. విద్యుత్ కోతలు, లేవు. దుమ్ము, లేదు. ఇరుగుపొరుగు తగవులు, లేవు. మూడేళ్లలో అందిన ఫిర్యాదులు, లేవు.”

ఆ ఊరివాళ్లు ఎంత మంచివాళ్లో అనుకుంది వకుళ. ఆ ఊళ్లో ఇంటి యజమాని దగ్గర నుంచి అద్దె కాగితం తెస్తే చాలు, అదే రోజు పత్రం ఇస్తామన్నారు. దారి పొడుగునా ఆమె గుమ్మానికి ఏ రంగు కర్టెన్ కట్టాలో ఆలోచిస్తూనే ఉంది. చిలకాకుపచ్చ దగ్గర ఆగింది.

*

“మామ్మగారూ,” అంది వకుళ, పున్నమ్మ ఇంటి అరుగు మీద కూర్చుంటూ. “మీరేమీ అనుకోకండి. మీ వాటా తీసుకోలేకపోతున్నాం. ఇక్కడెక్కడో గన్నేరుపాడు అని ఉందట, ఆ ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు మీకెవరైనా తెలుసా?”

పున్నమ్మ గోంగూర వలుస్తోంది. చేతులు ఆగిపోయాయి.

“ఏ గన్నేరుపాడు?”

“తొంభై ఏడు మార్కులదండీ. మూడు కిలోమీటర్లట.”

పున్నమ్మ ఇద్దరినీ మేడ ఎక్కించింది. పదిహేడు మెట్లు, ఒక పెద్ద అంగ. రైలు కట్టకి అవతల, జొన్నచేలు దాటాక, ఎండలో పలకలా మెరుస్తున్న నీళ్లు చూపించింది.

“అదిగో, ఆ నీళ్ల కింద. రిజర్వాయరు కట్టినప్పుడు మునిగింది. నలభై రెండేళ్లయింది. మేవంతా ఆడ నించి లేచొచ్చినోళ్లమే. అందుకే గదమ్మా ఈ ఊరికి కొత్త గన్నేరుపాడని పేరు. ఏ పుణ్యాత్ముడు పంపాడే తల్లీ నిన్ను ఆడికి కాపరానికి?”

ఫణీంద్ర అక్కడే నిలబడి పరాంకుశానికి ఫోన్ చేశాడు. “సార్, ఆ ఊరు నీళ్లలో ఉందండీ.”

“నీటి లభ్యత ఇరవై నాలుగు గంటలు అని నేను చదవలేదూ?”

“అది కాదు సార్. మునిగిపోయింది.”

అటువైపు కాసేపు కాగితాల చప్పుడు. “మునక అనే శీర్షిక మా ఫారంలో లేదు. రెవెన్యూ రికార్డులో ఊరు ఉన్నది. తొలగించవలసినదిగా ఒక ఫైలు నడుస్తున్నది. ఫైలు నడుస్తున్నంత కాలం ఊరు ఉన్నట్టే. ప్రథమ స్థానం వచ్చిన ఊరి గురించి ఇట్లా మాట్లాడటం భావ్యం కాదు.”

ఫణీంద్ర ఫోన్ పెట్టేశాడు. వకుళ సన్నజాజి మొగ్గ ఒకటి తుంచి, ఎందుకు తుంచానా అని నొచ్చుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడింది. అప్పుడు పున్నమ్మ ఫక్కున నవ్వింది.

“అద్దె కాయితమే గదా వాళ్లకి కావాల్సింది? నేను రాసిస్తా. మా ఇల్లు ఉంది గదా ఆడ. పట్టా ఇప్పటికీ నా పేరు మీదే ఉంది. కాయితంలో ఆ ఇంట్లో ఉండండి, మనుషులు ఈ మేడ మీద ఉండండి. చుట్టాలని చెప్తా. చుట్టాలొచ్చి నాలుగు రోజులుంటే ఏ కాయితమూ అడగరు గదా?”

“గ్యాసు, మామ్మగారూ?”

“నా పొయ్యి మీద వొండుకో. నేనొక్కదాన్ని ఎంత తింటా?”

కాగితం ఫణీంద్ర రాశాడు, పున్నమ్మ చెప్పింది. మూడు గదులు, ముందు వసారా, దొడ్లో నిమ్మచెట్టు, పెరట్లో పాత్రలు తోముకునే బండ. “వానొస్తే వసారా మూల కొంచెం కురుస్తది, అది గూడా రాయి. ఉన్న మాట చెప్పాలి గదా,” అంది. ఫణీంద్ర రాశాడు.

ఊర్ధ్వగమన ధ్రువపత్రం రెండో రోజే వచ్చింది. బంగారు రంగు అంచు, గుండ్రటి ముద్ర. శ్రావణ శుక్రవారం నాడు పున్నమ్మ పొయ్యి మీద పాలు పొంగించి, ఆ గిన్నె పట్టుకుని వకుళ పదిహేడు మెట్లూ ఎక్కింది. ఒక్క చుక్క ఒలకలేదు. పెద్ద అంగ దగ్గర ఫణీంద్ర చెయ్యి అందించాడు.

తర్వాత ఎనిమిది రోజులు వకుళకి లోకంలో ఏ లోపమూ కనిపించలేదు. కుళాయి తిప్పితే మొదట సన్నగా ఈల వేసేది, అది బాగుందంది. గది తలుపు సగం దాకా వచ్చి ఆగిపోయేది, అదీ బాగుందంది. స్టేషన్ ఎదుట బజ్జీల బండి ఆయన మూడో రోజుకే గుర్తుపట్టి ఒక మిరపకాయ బజ్జీ ఎక్కువ వేశాడని అరగంట చెప్పింది. ఫణీంద్ర అరగంటా విన్నాడు.

*

తొమ్మిదో రోజు ఆదివారం. పొద్దున్నే పరాంకుశం వచ్చాడు. చంకలో ఫారాలు, చేతిలో నోటీసుల కట్ట. మేడ మీదికి రాలేదు. నేరుగా పున్నమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

“తమరేనా గన్నేరుపాడు వాస్తవ్యురాలు పున్నమ్మ? ఆ ఊరి జనాభాలో ఇద్దరు చేరగానే మిగతా మూడు వందల పన్నెండు కుటుంబాలు ఏవి అని మా కంప్యూటరు ప్రశ్నించినది. విచారించగా అందరూ ఇక్కడ తేలారు. తొంభై ఏడు మార్కుల ఊరిని విడిచి, ఎట్టి అనుమతీ లేకుండా నలభై నాలుగుకు సామూహిక అధోగమనం! పదిహేను రోజుల్లో అందరూ స్వస్థలానికి తిరిగి వెళ్లవలెను. లేనిచో ఇక్కడి ఇళ్లకు సీలు.”

పున్నమ్మ నోటీసును తిప్పి తిప్పి చూసింది.

“మేం వొదిలి రాలేదయ్యా. పొద్దున లేచేసరికి గడపలోకి నీళ్లొచ్చినయి. లారీలు ఎక్కించింది మీ గవర్నమెంటే.”

“లారీలెక్కించిన శాఖ వేరమ్మా.”

“ఇప్పుడు మళ్లీ ఆడికి పోయి ఎట్టా ఉండాలయ్యా? చేపలమా?”

“వీరిద్దరూ ఉండటం లేదా?” అన్నాడు పరాంకుశం, అప్పుడే మెట్లు దిగివచ్చిన వకుళనీ ఫణీంద్రనీ చూపిస్తూ. “తమరిక్కడ ఎట్లా ఉన్నారు?”

“చుట్టపుచూపుగా వచ్చామండీ,” అన్నాడు ఫణీంద్ర. ఆ ఎనిమిది రోజుల్లో అద్దం ముందు నిలబడి బాగా అలవాటు చేసుకున్న మాట.

“మంచిదైనది. ఈ దినం తమరి సంతృప్తి తనిఖీ. నివాసంలోనే జరగవలెను. పదండి, తమరి ఇంటికి వెళదాం.”

వకుళ మేడ వంక చూసింది. పున్నమ్మ ఇంటికి సీలు పడితే మేడ లేదు, మెట్లు లేవు, కిటికీ లేదు. ఫణీంద్ర లాడ్జికి, తను అమ్మ దగ్గరికి. శ్రావణం ఇంకా పదమూడు రోజులే ఉంది. పైగా ఇప్పుడు మూడు వందల పన్నెండు ఇళ్లవాళ్లు తమ పుణ్యమా అని రోడ్డున పడబోతున్నారు.

చేపల పడవ మాట్లాడుకున్నారు. దారి చూపడానికి పున్నమ్మ కూడా ఎక్కింది. నీళ్ల మీద దారి చూపడమేమిటని ఫణీంద్ర అనుకున్నాడు గానీ, ఆమె పడవవాడికి వీధులు చెప్పినట్టు చెబుతూ పోయింది. “ఆ గుట్ట కొస నీ ఎడం భుజానికి రావాల. ఇంకాస్త. రచ్చబండ దాటాం. ఇటు తిప్పు. ఆపు. ఇదే, మా వసారా.”

పడవ ఆగింది. పరాంకుశం చెప్పులు విప్పి పడవ అంచున పక్కపక్కనే పెట్టాడు. ఒకరి ఇంట్లోకి చెప్పులతో వెళ్లే మనిషి కాడాయన.

“నీటి సదుపాయం ఎట్లా ఉన్నది?”

“సరిపోతోందండీ,” అన్నాడు ఫణీంద్ర.

“ఇరుగుపొరుగు?”

“పలకరించరండీ. పేచీ కూడా లేదు.”

పరాంకుశం తృప్తిగా రాసుకున్నాడు. పున్నమ్మ పడవ మీంచి వంగి నీళ్లలోకి చూస్తోంది. పచ్చటి నీళ్లు, లోపల ఏమీ కనబడటం లేదు.

“ఇరవై ఒక్కేళ్లప్పుడు వొచ్చానమ్మాయ్ ఈ ఇంటికి, నీ మాదిరే కొత్త పెళ్లికూతుర్ని,” అంది మెల్లిగా. “నిమ్మచెట్టు నేనే పెట్టా. రెండేళ్లే ఉన్నా. చెట్టు ఇంకా కాపుకే రాలా.”

వకుళ ఆమెనే చూస్తూ కూర్చుంది. తర్వాత పరాంకుశం ఒళ్లోని ఫారం వంక చూసింది. ఊరి జనాభా అన్న గడిలో రెండు అని ఉంది. బడిలో లెక్కల్లో ఆమె ఎప్పుడూ వెనకబడలేదు.

“ఆఖరి ప్రశ్న,” అన్నాడు పరాంకుశం. “ఫిర్యాదులు?”

“ఏమీ లేవండీ,” అన్నాడు ఫణీంద్ర.

“ఉందండీ,” అంది వకుళ.

పరాంకుశం కలం ఆగిపోయింది. మూడేళ్లలో ఆ ఊరి ఫారం మీద ఆ గడి ఎప్పుడూ నిండలేదు.

“ఇల్లు చెమ్మగా ఉందండీ.”

“చెమ్మ…” అన్నాడు పరాంకుశం బతిమాలుతున్నట్టు. “వానాకాలం గదమ్మా. ఏదో గోడకి ఉంటుంది. ఆరిపోతుంది.”

“గోడలూ, నేలా, పైకప్పూ. బీరువాలో బట్టలు కూడా.”

“అంత చెమ్మేం లేదులే వకుళా,” అని ఫణీంద్ర ఆమె చెయ్యి నొక్కాడు. ఉన్న ఒక్క కాగితమూ పోతుందని అతని భయం.

పరాంకుశం నుదురు తుడుచుకుని లెక్క వేశాడు. “జనాభా ఇద్దరు. ఫిర్యాదీ ఒకరు. అనగా ఊరిలో సగం జనం అసంతృప్తులు. తొంభై ఏడులో సగం… నలభై ఎనిమిదిన్నర! అమ్మా, ఒక్క మాటతో ఎంత పని చేశారు!”

నలభై ఎనిమిదిన్నర. కొత్త గన్నేరుపాడు నలభై నాలుగు. ఇంకా నాలుగున్నర ఎక్కువుంది. వకుళ భర్త వైపు తిరిగింది.

“చెమ్మ లేదంటారా? ఎందుకుంటుంది మీకు? ఇంటి సంగతి ఎప్పుడైనా పట్టించుకుంటే కదా!”

ఫణీంద్ర బిత్తరపోయాడు. “నేనా? పట్టించుకోనా?”

“ఆ గది తలుపు చెక్కించమని ఎన్నిసార్లు చెప్పాను?”

“నువ్వే కదా బాగుందన్నావు! సగం దాకా వచ్చి ఆగే తలుపు ఎవరింట్లోనూ లేదన్నావు!”

“అంటే మాత్రం? మగవాడన్నాక తెలియదా?”

“ఏం తెలియాలి? నువ్వేది చూసినా బాగుందంటావు. కుళాయి ఈల వేస్తే బాగుందంటావు. రేపు పైకప్పు కూలితే ఆకాశం కనిపిస్తోంది, బాగుందంటావు. నేనేమని బాగు చేయించేది!” అని ఫణీంద్ర నిజంగానే కోపం తెచ్చుకుని లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది. పడవవాడు కూర్చోమని అరిచాడు.

పరాంకుశం రెండు చేతులతో ఫారం పట్టుకున్నాడు. “ఇది అభిప్రాయభేదమా, కలహమా? దయచేసి స్పష్టం చెయ్యండి.”

“కలహమేనండీ,” అంది వకుళ. చెంపలు వెలిగిపోతున్నాయి. “మా మొదటిది! రాసుకోండి.”

“ఊరిలో కాపురం ఒకటి. కలహం ఒకటి. నూటికి నూరు శాతం కుటుంబాల్లో కలహం. అయిదు మార్కులు కోత.” ఆయన పాత అంకె కొట్టేసి కొత్తది రాశాడు. “నలభై మూడున్నర.”

“కొత్త గన్నేరుపాడు ఎంతన్నారు?”

“నలభై నాలుగు.”

“అయితే మేం అక్కడికి వెళ్తే అర మార్కు ఊర్ధ్వగమనమే కదండీ? కలిసి ఉండటానికి కూడా ఏ అడ్డూ లేదు. ఒక్క కలహం నమోదైతే పాత కాపురమేనని సంయుక్త సంచాలకులవారే అన్నారు. మీ ఎదురుగానే నమోదైంది.”

పరాంకుశం ఆకాశం వంక చూశాడు. అక్కడ ఏ నిబంధనా కనబడలేదు. చట్టం మీద భక్తి ఉన్న మనిషి. ఫారాల్లోంచి కొత్త దరఖాస్తు ఒకటి తీసి, వాళ్ల సంతకాలు తీసుకుని అక్కడికక్కడే ముద్ర వేశాడు.

“మరి మా నోటీసులో?” అంది పున్నమ్మ.

ఆయన కట్టలోంచి ఒక నోటీసు తీసి చదువుకున్నాడు. “తమరు నలభై మూడున్నర నుంచి నలభై నాలుగుకు వెళ్లినట్టయినది. అది అధోగమనం కాదు. మూడు వందల పన్నెండు కుటుంబాలూ నలభై రెండేళ్ల ముందుచూపుతో ఊర్ధ్వగమనం చేసినట్టు రాస్తాను. ప్రశంసాపత్రం కూడా రావచ్చు.”

నోటీసుల కట్ట మళ్లీ చంకలోకి వెళ్లింది. పడవ ఒడ్డు వైపు తిరిగింది. ఫణీంద్రకు అప్పుడు, అంత సేపటికి, విషయం అర్థమైంది. మొహం తిప్పుకుని కూర్చున్నవాడల్లా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. “తలుపు మాత్రం చెక్కించను,” అన్నాడు మెల్లిగా. “వద్దు, బాగుంది,” అంది వకుళ.

ఒడ్డు చేరాక పరాంకుశం చెప్పులు తొడుక్కుని, పద్ధతి ప్రకారం ఫిర్యాదు రసీదు చింపి వకుళ చేతికిచ్చాడు. పున్నమ్మ అది తీసుకుని దూరంగా పట్టుకుని చదివింది.

“ఒకటో నంబరని ఉందేందయ్యా?”

“ఆ ఊరి నుంచి శాఖకు అందిన మొట్టమొదటి ఫిర్యాదమ్మా ఇది.”

“మొదటిదా?” అంది పున్నమ్మ. “నీళ్లొస్తున్నయని మేం మూడొందల పన్నెండు ఇళ్లవాళ్లం వేలిముద్రలేసి ఇచ్చామే. తీసుకోలా.”

“అప్పటికి ఫారం లేదమ్మా,” అన్నాడు పరాంకుశం. ఈసారి ఆయన గొంతులో ఇస్త్రీ కాస్త నలిగింది. కట్ట సర్దుకుని స్టేషన్ వైపు నడిచాడు.

పున్నమ్మ ఆ రసీదును ఇంకోసారి చదివింది, పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరమూ. గన్నేరుపాడు గ్రామము. ఇల్లు చెమ్మగా ఉన్నది. స్వీకరించడమైనది.

“ఇది నా కాడ ఉంచుకోనా అమ్మాయ్?” అంది.